ముందు కాపీ, తర్వాతే రిపేర్ బటన్: కరప్ట్ అయిన లైట్‌రూమ్ క్యాటలాగ్ సంగతి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మిర్యాలగూడలో ఇంట్లోనే స్టూడియో. ఫోటోలు ఎడిట్ చేసుకునే లైట్‌రూమ్ క్లాసిక్ సాఫ్ట్‌వేర్‌లో మూడు పెళ్లిళ్లు ఒకే క్యాటలాగ్‌లో పెట్టావు, మొత్తం దాదాపు 14 వేల ఫోటోలు. మొన్న రాత్రి ఎడిటింగ్ మధ్యలో కరెంటు పోయింది. మళ్లీ తెరిస్తే క్యాటలాగ్ కరప్ట్ అయింది, రిపేర్ చేసేదాకా వాడటం కుదరదు అని మెసేజ్. రిపేర్ నొక్కావు, కాసేపు తిరిగి చేతకాదంది. తొమ్మిది రోజుల్లో మొదటి పెళ్లివాళ్లకు ఆల్బమ్ ఇవ్వాలి. తెలిసినాయన ఒకరు "ఆ వాల్, లాక్ ఫైళ్లన్నీ డిలీట్ కొట్టి, లైట్‌రూమ్ తీసేసి మళ్లీ ఎక్కించు, సెట్ అయితది" అన్నాడట. చెయ్యాలా వద్దా అని నీ ప్రశ్న.

వద్దు. ఇది చదవడం పూర్తయ్యేదాకా ఆ కంప్యూటర్‌లో ఏదీ నొక్కకు, ఏదీ డిలీట్ చెయ్యకు. నేను లైట్‌రూమ్ 4 రోజుల నుంచి, అంటే 2012 నుంచి ఇదే పనిలో ఉన్నాను. నల్లగొండలో గడియారం సెంటర్‌కి దగ్గర్లోనే నా షాపు. ఇలా కరప్ట్ అయిన క్యాటలాగులు నావీ, తెలిసినవాళ్లవీ చాలానే చూశాను. కరెంటు పోయినందుకు పాడైన దానికంటే, తర్వాత గంటలో కంగారుగా నొక్కిన బటన్ల వల్ల పాడైందే ఎక్కువ.

ముందు నీ టెన్షన్ సగం దించుతాను. నీ ఫోటోలు క్యాటలాగ్‌లో లేవు. ఎప్పుడూ లేవు. మీ ఊళ్లో రైస్ మిల్లులు చూస్తూ పెరిగావు కాబట్టి అదే లెక్కలో చెప్తాను. బస్తాలు గోదాములో ఉంటాయి. ఏ బస్తా ఎవరిది, ఎన్ని కిలోలు, ఏ రకం, ఎవరికి ఎంత బాకీ అన్నది గుమస్తా పుస్తకంలో ఉంటుంది. పుస్తకం తడిసిపోతే బస్తాలు మాయం కావు. కానీ ఏది ఎవరిదో తేల్చుకోలేక తల పట్టుకుంటాం. లైట్‌రూమ్ క్యాటలాగ్ ఆ పుస్తకం. ఏ ఫోటో ఏ ఫోల్డర్‌లో ఉంది, దానికి ఎక్స్‌పోజర్ ఎంత పెంచావు, ఎక్కడ క్రాప్ చేశావు, ఎన్ని స్టార్లు ఇచ్చావు, ఇవన్నీ అందులో రాసి ఉంటాయి. నీ రా ఫైళ్లు, అంటే కెమెరా తీసిన అసలు ఫోటోలు, హార్డ్ డిస్క్‌లో వాటి ఫోల్డర్లలో అవి ఉన్నాయి. ఒకసారి ఆ ఫోల్డర్ తెరిచి కళ్లతో చూసుకో, నీళ్లు తాగు, అప్పుడు మిగతాది చదువు.

ఆ క్యాటలాగ్ నిజానికి ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ఫైల్. అడోబీవాళ్లు సొంతంగా కనిపెట్టిందేమీ కాదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వాట్సాప్ మెసేజ్‌లు దాచుకునేదీ ఇలాంటి ఫైల్‌లోనే. ఇది ఎందుకు చెప్తున్నానంటే, లైట్‌రూమ్ చేతులెత్తేసినా ఆ ఫైల్‌ని తెరిచే దారులు బయట వేరే ఉన్నాయి. వాటి దగ్గరికి చివర్లో వస్తాను.

ఇప్పుడు ఆ వాల్ ఫైల్ సంగతి. నీ క్యాటలాగ్ ఫోల్డర్ తెరిస్తే, క్యాటలాగ్ పేరుతోనే మొదలై చివర ఎల్‌ఆర్‌క్యాట్ అని ఉన్న పెద్ద ఫైల్ ఒకటి కనిపిస్తుంది. దాని పక్కనే అదే పేరుతో, తోకలో వాల్ అని ఒకటి, ఎస్‌హెచ్‌ఎమ్ అని ఒకటి, లాక్ అని ఒకటి ఉంటాయి. పాత వర్షన్లలో వాల్ బదులు జర్నల్ అని ఉండేది. మిల్లు గుమస్తా రోజంతా జరిగింది ముందు చిట్టాలో రాసుకుంటాడు, తర్వాత తీరిగ్గా ఆవర్జాలోకి, అంటే అసలు లెక్కల పుస్తకంలోకి ఎక్కిస్తాడు కదా. వాల్ అంటే ఆ చిట్టా. నువ్వు చివరగా చేసిన మార్పులు ఆవర్జాలోకి ఎక్కకుండా ఇంకా అందులోనే ఉండి ఉండొచ్చు. దాన్ని డిలీట్ చేయమనడమంటే చిట్టా చింపేసి ఆవర్జా ఎందుకు కలవట్లేదని అడగడమే. ఒక్క లాక్ ఫైల్ మాత్రం తీసేయొచ్చు. అది "లోపల మనిషి ఉన్నాడు" అని తలుపుకి పెట్టిన గడియ లాంటిది, కరెంటు పోయినప్పుడు అలాగే ఉండిపోతుంది. అదైనా లైట్‌రూమ్ మూసి ఉన్నప్పుడు, కాపీలో మాత్రమే.

ఇక లైట్‌రూమ్ తీసేసి మళ్లీ ఎక్కించడం. దానివల్ల లాభం సున్నా. పాడైంది పుస్తకం, గుమస్తా కాదు.

సరే, పని మొదలుపెడదాం. వేరే హార్డ్ డిస్క్ ఒకటి తగిలించు. నీ క్యాటలాగ్ ఉన్న మొత్తం ఫోల్డర్‌ని, ఒక్క ఎల్‌ఆర్‌క్యాట్ ఫైల్‌నే కాదు, పక్కనున్న చిల్లర ఫైళ్లన్నిటితో సహా దాంట్లోకి కాపీ చెయ్యి. కట్ కాదు, కాపీ. వర్షన్ 11 నుంచి మాస్కుల (ఫోటోలో కొంత భాగానికే చేసే ఎడిటింగ్) సమాచారం కొంత ఎల్‌ఆర్‌క్యాట్ డేటా అనే దాంట్లో విడిగా ఉంటుంది, అదీ రావాలి. కాపీ అయ్యాక ఆ ఫోల్డర్‌కి "ముట్టొద్దు" అని పేరు పెట్టు. నా దగ్గర నిజంగా అదే పేరుతో ఫోల్డర్లు ఉన్నాయి. తర్వాత దాని నుంచి ఇంకో కాపీ తీసి, చేసే ప్రయోగాలన్నీ ఆ రెండో కాపీ మీద చెయ్యి. అది చెడితే మళ్లీ మొదటి దాని నుంచి తీసుకుంటావు. నువ్వు ఇప్పటికే ఒకసారి అసలు ఫైల్ మీదే రిపేర్ నొక్కావు, పోనీలే, ఇక మీద వద్దు.

ఈ కాపీ తీసేటప్పుడే ఒక విషయం బయటపడుతుంది. కాపీ సాఫీగా అయితే మంచిదే. ఒకచోట ఆగిపోయి, స్పీడు సున్నాకి పడి, ఎర్రర్ ఇస్తే మాత్రం రోగం క్యాటలాగ్‌ది కాదు, డిస్క్‌ది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి చూడు. నీలం రంగు చూపిస్తే డిస్క్ బాగున్నట్టు, పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే పోయే కాలం వచ్చినట్టు. పసుపు కనిపించినా సరే క్యాటలాగ్ సంగతి పక్కన పెట్టి, ముందు మూడు పెళ్లిళ్ల రా ఫైళ్లు వేరే డిస్క్‌లోకి తీసెయ్. పుస్తకం మళ్లీ రాసుకోవచ్చు, తలంబ్రాలు మళ్లీ పోయించలేం. డిస్క్ లోపల టక్ టక్ అని చప్పుడు వస్తుంటే అసలు ఆన్‌లోనే ఉంచకు, డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లు. చెక్ డిస్క్ లాంటివి కాపీ తీసిన తర్వాతే. అది డిస్క్‌ని సరిచేస్తూ ఫైల్‌ని ముక్కలు చేసిన సందర్భాలు చూశాను.

సి డ్రైవ్‌లో జాగా ఎంత ఉందో కూడా చూసుకో. నిండిపోయిన డ్రైవ్‌లో రిపేర్ చేయమంటే అది ఎక్కడ రాసుకుంటుంది? మనవాళ్ల కంప్యూటర్లలో సి డ్రైవ్ ఎర్ర గీత లేకుండా కనిపించడం అరుదు.

తర్వాత ఆ రెండో కాపీని బాగున్న డిస్క్‌లో, కుదిరితే వేరే కంప్యూటర్‌లో పెట్టి తెరువు. ఆ కంప్యూటర్‌లో నీ లైట్‌రూమ్ వర్షనే ఉండాలి, లేదా అంతకంటే కొత్తది. విండోస్‌లో లైట్‌రూమ్ మొదలవుతున్నప్పుడు కంట్రోల్ కీ నొక్కి పట్టుకుంటే ఏ క్యాటలాగ్ తెరవాలో అడుగుతుంది. చాలాసార్లు ఇక్కడితోనే కథ అయిపోతుంది. డిస్క్ తేడా వల్లో, పర్మిషన్ వల్లో తెరుచుకోని ఫైల్, చోటు మారగానే చిట్టా చదువుకుని తెరుచుకుంటుంది. ఫోటోల మీద ప్రశ్నార్థకం గుర్తులు కనిపిస్తే భయపడకు. డ్రైవ్ అక్షరం మారింది కాబట్టి దారి తెలియట్లేదు, అంతే. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ఫైండ్ మిస్సింగ్ ఫోల్డర్ అని చూపిస్తే కుదురుకుంటుంది. అలా తెరుచుకోకపోతే, ఆ కాపీ మీద రిపేర్ ఒక్కసారి నొక్కి చూడు. పెద్ద క్యాటలాగ్ అయితే టైమ్ పడుతుంది, మధ్యలో "నాట్ రెస్పాండింగ్" అని వచ్చినా టాస్క్ మేనేజర్‌లోకి వెళ్లి చంపకు. భోంచేసి రా.

అదీ కాలేదా, బ్యాకప్‌లు వెతుకు. నువ్వు "నేనెప్పుడూ బ్యాకప్ పెట్టలేదు" అని రాశావు. నువ్వు పెట్టకపోయినా లైట్‌రూమ్ మూసేటప్పుడు వారానికోసారి ఒక డబ్బా వచ్చి బ్యాకప్ చేయమంటావా అని అడుగుతుంది. ఎప్పుడో నిద్రమత్తులో ఒకసారైనా సరే అని ఉంటావు. క్యాటలాగ్ ఫోల్డర్ లోపలే బ్యాకప్స్ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో తేదీ, టైమ్ పేరుతో ఫోల్డర్లు, వాటిలో జిప్ ఫైళ్లు. అన్నిటికంటే కొత్తదాన్ని బయటికి తీసి, వేరేచోట విప్పి, తెరువు. అది కూడా కరప్ట్ అంటే దాని ముందుది, అదీ కాకపోతే దాని ముందుది. ఆరోగ్యంగా ఉన్నది దొరికేదాకా వెనక్కి వెళ్లాలి.

బ్యాకప్ తెరిచాక ఫోటోలన్నీ బూడిద రంగు డబ్బాల్లా కనిపించొచ్చు. ఒకాయన అక్కడే గుండె ఆగినంత పనై నాకు ఫోన్ చేశాడు. ప్రివ్యూలు, అంటే లైట్‌రూమ్ స్క్రీన్ మీద చూపించడానికి తయారుచేసుకునే బొమ్మలు, బ్యాకప్‌లోకి రావు, అంతే. మన పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక గోడ మీద నీడ కనిపిస్తుంది కదా, నీడని పడేసే స్తంభాలు ఇంకోచోట ఉంటాయి. ప్రివ్యూ కూడా ఆ నీడే. రా ఫైల్ ఉన్నంతకాలం నీడని మళ్లీ పడేయించుకోవచ్చు, బిల్డ్ ప్రివ్యూస్ అంటే చాలు.

ఆ బ్యాకప్ మూడు వారాల కిందటిది అనుకో. తర్వాత ఎక్కించిన పెళ్లి అందులో ఉండదు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి సింక్రనైజ్ ఫోల్డర్ అంటే కొత్త ఫోటోలను తెచ్చుకుంటుంది. ఈ మూడు వారాల ఎడిటింగ్ ఏమైనట్టు? అది నీ రా ఫైళ్ల పక్కన ఎక్స్‌ఎంపీ ఫైళ్లు ఉన్నాయా లేవా అన్నదాని మీద ఉంటుంది. ఇప్పుడే పెళ్లి ఫోల్డర్ తెరిచి చూడు. ప్రతి రా ఫైల్ పక్కన అదే పేరుతో కొన్ని కేబీల చిన్న ఫైల్ ఉంటే, నీ అదృష్టం బాగున్నట్టే. అందులో నీ కలర్ కరెక్షన్, క్రాప్, స్టార్లు రాసి ఉంటాయి. అవి ఉంటే క్యాటలాగ్ మొత్తం పోయినా భయం లేదు. కొత్త క్యాటలాగ్ తెరిచి, ఫోటోలను జరపకుండా ఉన్నచోటే ఉంచి యాడ్ పద్ధతిలో ఇంపోర్ట్ చేస్తే ఎడిటింగ్ దానంతటదే వచ్చేస్తుంది. ఇంపోర్ట్ డబ్బాలో డెవలప్ సెట్టింగ్స్ దగ్గర నన్ అని మాత్రం ఉంచు, అలవాటుగా నీ ప్రీసెట్ తగిలించకు.

ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఎక్స్‌ఎంపీ ఉంది కదా అని నేనూ ధీమాగానే ఉన్నాను.

కొన్నేళ్ల కిందట మాఘమాసం. దేవరకొండ దగ్గర పల్లెటూరి పెళ్లి, 3,100 ఫోటోలు. ఆల్బమ్‌కి సెలెక్షన్ కోసం పెళ్లికూతురి నాన్న, మేనత్త, నాయనమ్మ, తమ్ముడు, నలుగురూ పొద్దున్నే బస్సెక్కి షాపుకి వచ్చారు. మధ్యాహ్నం భోజనం పక్కన హోటల్ నుంచి తెప్పించాను. ఎదుర్కోళ్ల దగ్గరే రెండు గంటలు పట్టింది. ఎవరి వైపు చుట్టాలు ఎక్కువున్నారో లెక్కలు తీశారు. సాయంత్రం ఆరింటికి 420 ఫోటోలు తేలాయి. వాళ్లు సరే అన్న ఫోటోకల్లా నేను పి నొక్కి ఫ్లాగ్, అంటే ఎంచుకున్నదని గుర్తు, పెట్టుకుంటూ పోయాను. చేతికి అలవాటైన పని.

వారం తర్వాత షాపు కుర్రాడు టేబుల్ మీది హార్డ్ డిస్క్ తీగ కాలికి తట్టుకుని పడేశాడు. క్యాటలాగ్ అందులోనే. బ్యాకప్ ఫోల్డర్ కూడా ఆ డిస్క్‌లోనే, క్యాటలాగ్ పక్కనే. ఇంటి తాళంచెవి ఇంట్లోనే దాచిపెట్టి తలుపేసుకున్నట్టు. ఫోటోల కాపీ వేరే డిస్క్‌లో ఉంది, ఆటోమేటిక్‌గా రాసే సెట్టింగ్ ఆన్‌లో ఉండటం వల్ల ఎక్స్‌ఎంపీలు కూడా ఆ కాపీలో ఉన్నాయి. గంటలో ఎడిటింగ్ మొత్తం తిరిగొచ్చింది. ఊపిరి పీల్చుకుని ఫ్లాగ్ ఉన్నవి మాత్రమే చూపించమని ఫిల్టర్ పెట్టాను. స్క్రీన్ ఖాళీ.

నేను అప్పుడు వాడుతున్న వర్షన్‌లో స్టార్లు, రంగు లేబుళ్లు ఎక్స్‌ఎంపీలోకి వెళ్లేవి, ఫ్లాగులు వెళ్లేవి కావు. కలెక్షన్లు వెళ్లవు, వర్చువల్ కాపీలు వెళ్లవు, హిస్టరీ వెళ్లదు. ఎక్కడో చదివే ఉంటాను, తలకెక్కలేదు. పెళ్లికూతురి నాన్నకి ఫోన్ చేసి, "బాబాయ్, సెలెక్షన్ మళ్లీ చెయ్యాల్సొస్తుంది" అన్నాను. ఆయన ఏమీ అనలేదు, అది ఇంకా ఇబ్బందిగా అనిపించింది. రెండోసారి నాయనమ్మ మెట్లెక్కుతూ "ఏం కొడకా, పోయినపారి చూసినయి బాగలేవా?" అంది. ఈసారి 512 తేలాయి. మేనత్త ఫోటోలు నాలుగు తగ్గాయని ఆమె, పెరిగిన షీట్లకు డబ్బులెవరిస్తారని పెళ్లికూతురి నాన్న. పెరిగిన షీట్ల ఖర్చు నేనే పెట్టుకున్నాను.

ఆ రోజు నుంచి సెలెక్షన్‌కి పి నొక్కను. ఐదు స్టార్లు నొక్కుతాను. నీ వర్షన్‌లో ఫ్లాగ్ ఎక్స్‌ఎంపీలోకి వెళ్తుందో లేదో ఒక ఫోటో మీద నువ్వే పరీక్షించుకో. ఫ్లాగ్ పెట్టి సేవ్ చెయ్యి, ఆ ఫోటోని దాని ఎక్స్‌ఎంపీతో పాటు వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసి, కొత్త ఖాళీ క్యాటలాగ్‌లోకి తెచ్చుకుని చూడు, రెండు నిమిషాల పని. సెలెక్షన్ అయిపోగానే ఆ ఫోటోలను చిన్న జేపెగ్‌లుగా ఒక ఫోల్డర్‌లోకి తీసి పెట్టుకోవడం ఇంకో అలవాటు. రేపు ఏది పోయినా ఫైల్ నంబర్లు చూసి మళ్లీ ఏరుకోవచ్చు. నువ్వు మొదటి పెళ్లివాళ్లకి సెలెక్షన్ ఫోటోలు వాట్సాప్‌లోనో, పెన్‌డ్రైవ్‌లోనో ఇచ్చి ఉంటే, పేర్లు మారకపోతే అవే నీకు ఇప్పుడు జాబితా.

ఎక్స్‌ఎంపీ లేదు, బ్యాకప్ లేదు, రిపేర్ కాలేదు. అప్పుడు మిగిలిన దారి ఎస్‌క్యూలైట్. దాని సొంత సైట్‌లోనే కమాండ్ లైన్ టూల్ ఉచితంగా దొరుకుతుంది. యూట్యూబ్ వీడియో కింద లింకుల్లో దొరికే "క్యాటలాగ్ రిపేర్" సాఫ్ట్‌వేర్లు ఎక్కించకు. ఒకాయన అది ఎక్కించి క్యాటలాగ్‌తో పాటు కంప్యూటర్ కూడా పోగొట్టుకున్నాడు. ఆ టూల్‌ని, నీ క్యాటలాగ్ రెండో కాపీని, వాల్ ఫైల్‌తో సహా, ఒకే ఫోల్డర్‌లో పెట్టుకో. నల్ల కిటికీ, అంటే విండోస్ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఆ టూల్‌తో పాడైన క్యాటలాగ్ మీద రికవర్ అనే కమాండ్ (ఆ మాటకి ముందు ఒక చుక్క ఉండాలి) ఇచ్చి, బయటికొచ్చేదాన్ని ఒక టెక్స్ట్ ఫైల్‌లోకి పంపాలి. తర్వాత ఆ టెక్స్ట్ ఫైల్‌ని మళ్లీ అదే టూల్‌కి తినిపించి కొత్త పేరుతో ఖాళీ క్యాటలాగ్ ఫైల్‌లోకి పోయాలి. తడిసిన పుస్తకంలో చదవగలిగిన ప్రతి లైనునీ కొత్త పుస్తకంలోకి ఎత్తి రాయడమే ఇది. రికవర్ కమాండ్ ఎస్‌క్యూలైట్‌లోకి 2019లో వచ్చింది, కాబట్టి పాత టూల్ ఉంటే కొత్తది దించుకో.

ఇందులో నేను ఒక పూట పోగొట్టుకున్న గొయ్యి ఒకటి చెప్తాను, నువ్వు పడకు. విండోస్‌లో నల్ల కిటికీ బదులు నీలం రంగు పవర్‌షెల్‌లో ఈ పని చేశాను. అది ఫైల్‌లోకి రాసేటప్పుడు అక్షరాల పద్ధతి మార్చేసి రాస్తుంది. ఫైల్ సైజు రెట్టింపు వచ్చింది, చాలా డేటా దొరికిందని సంబరపడ్డాను. తిరిగి పోద్దామంటే ఒక్క లైనూ ఎక్కలేదు. పాత కమాండ్ ప్రాంప్ట్‌లోనే చెయ్యి.

కొత్త ఫైల్ తయారయ్యాక అదే టూల్‌తో ఇంటిగ్రిటీ చెక్, అంటే ఫైల్ లోపల సరిగ్గా ఉందో లేదో పరీక్ష, చేయించు. ఓకే అని ఒక్క ముక్క వస్తే బాగున్నట్టు. అప్పుడు దానికి పాత క్యాటలాగ్ పేరే పెట్టి, వేరే ఫోల్డర్‌లో ఎల్‌ఆర్‌క్యాట్ డేటాతో పాటు ఉంచి, లైట్‌రూమ్‌లో తెరువు. పాత వాల్ ఫైల్‌ని మాత్రం ఈ కొత్త దాని పక్కన పెట్టకు, ఒకరి చిట్టా ఇంకొకరి ఆవర్జాకి కలవదు. తెరుచుకుంటే అందులోనే పని మొదలుపెట్టెయ్యకు. ఇంకో కొత్త క్యాటలాగ్ చేసి, ఫైల్ మెనూలో ఇంపోర్ట్ ఫ్రమ్ అనదర్ క్యాటలాగ్ అని, ఒక్కో పెళ్లి ఫోల్డర్‌ని విడివిడిగా లాక్కో. ఒక పెళ్లి దగ్గర ఆగిపోతే పాడైన చోటు అదే. మిగతా రెండూ బయటపడతాయి.

ప్రతిసారీ పని చేస్తుందని చెప్పను. ఇవన్నీ చేసినా ఎంతకీ తెరుచుకోని క్యాటలాగ్ కూడా ఒకటి నా చేతుల్లో పోయింది. అలా అయినా నీ పెళ్లి 4,500 ఫోటోలు అనుకుంటే, ఫంక్షన్ హాల్ లైటింగ్ ఒకటి, మండపం ఒకటి, బరాత్ ఒకటి అని విడగొట్టి, ఒక్కో లైటింగ్‌కి ఒక్క ఫోటో సరిచేసి మిగతావాటికి సింక్ కొడితే మూడు రోజుల పని. నీకు తొమ్మిది రోజులున్నాయి. అందుకే రికవరీకి రెండు రోజులు మాత్రమే పెట్టుకో. మూడో రోజు పొద్దున దాకా రాకపోతే వదిలేసి కొత్తగా మొదలుపెట్టు. వారం రోజులు పోయినదాని వెంటపడి ఆల్బమ్ తేదీ కూడా పోగొట్టుకున్నవాళ్లున్నారు.

ఇక మళ్లీ జరగకుండా చూసుకోవడం. నీ క్యాటలాగ్ ఎక్కడుందో చూడు. పిక్చర్స్ లోపల లైట్‌రూమ్ ఫోల్డర్‌లో ఉంటే, ఎవరూ మార్చకపోతే అది ఉండేది అక్కడే, ఆ పిక్చర్స్ ఫోల్డర్ మీద నీలం మబ్బు గుర్తు ఉందా చూడు. ఇప్పటి విండోస్ మనం గమనించకుండానే పిక్చర్స్‌ని మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ స్టోరేజ్ అయిన వన్‌డ్రైవ్‌లోకి కలిపేస్తుంది. నువ్వు ఒక పక్క రాస్తుంటే, అది ఇంకో పక్క ఆ ఫైల్‌ని పైకి ఎక్కిస్తుంటుంది. గుమస్తా రాస్తుండగానే చేతిలో పుస్తకం లాగి జిరాక్స్ తీసినట్టు. క్యాటలాగ్‌ని అక్కడి నుంచి తీసి మామూలు ఫోల్డర్‌లో పెట్టు. అయితే నీ విషయంలో అది అక్కడే ఉందని తేలితే ఒక లాభం కూడా ఉంది. వన్‌డ్రైవ్ సైట్‌లోకి వెళ్లి ఆ ఫైల్ మీద వర్షన్ హిస్టరీ చూడు, కరెంటు పోకముందు కాపీ దొరకొచ్చు.

బ్యాకప్ సెట్టింగ్‌లో వారానికి అన్నది మార్చి, మూసిన ప్రతిసారీ అని పెట్టు. ఆ డబ్బా వచ్చినప్పుడు బ్యాకప్ ఎక్కడ పెట్టాలో వేరే డిస్క్ చూపించు, ఇంటిగ్రిటీ టెస్ట్ చేయమన్న గడిలో టిక్ తీసెయ్యకు. పాత బ్యాకప్‌లు పోగుపడుతుంటాయి, నెలకోసారి నువ్వే చూసుకుని ఏరివేయి. ఏరివేసేటప్పుడు ఒకదాన్ని విప్పి తెరిచి చూడు. తెరిచి చూడని బ్యాకప్‌ని నేను లెక్కలోకి తీసుకోను. ఎక్స్‌ఎంపీ ఆటోమేటిక్‌గా రాసే టిక్ క్యాటలాగ్ సెట్టింగ్స్‌లో మెటాడేటా కింద ఉంటుంది. పాత హార్డ్ డిస్క్ మీద దానివల్ల కాస్త నిదానిస్తుంది. అప్పుడు టిక్ తీసేసి, రోజు పని అయ్యాక గ్రిడ్‌లో అన్నీ సెలెక్ట్ చేసి కంట్రోల్ ఎస్ కొట్టు.

మూడు పెళ్లిళ్లు ఒకే క్యాటలాగ్‌లో పెట్టడం తప్పేం కాదు, చాలామంది అన్నీ ఒకేచోట ఉంటేనే మంచిదంటారు. నేను మాత్రం ఆర్డర్ నడుస్తున్నంతకాలం పెళ్లికొక క్యాటలాగ్ వాడి, ఆల్బమ్ ఇచ్చేశాక పెద్ద క్యాటలాగ్‌లో కలుపుతాను. పోతే ఒక ఇంటివాళ్లకే జవాబు చెప్పుకుంటాను.

కరెంటు సంగతి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అనుకుంటే, దాని మీద యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని స్విచ్ ఉంటుంది చూడు. నార్మల్‌లో ఉంటే మారే ఆ క్షణంలో ఫ్యాన్‌కి తెలియదు గానీ కంప్యూటర్ ఆగిపోతుంది. యూపీఎస్ మోడ్‌లో పెట్టు, దానికి తోడు కంప్యూటర్‌కి విడిగా చిన్న యూపీఎస్ ఒకటి కొను, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, నల్లగొండలోనో ఎక్కడైనా దొరుకుతుంది. అది ఎడిటింగ్ కొనసాగించడానికి కాదు, లైట్‌రూమ్ మూసి షట్‌డౌన్ కొట్టడానికి. కరెంటు పోయాక "ఈ ఒక్క ఫోటో" అని కూర్చోకు.

కెమెరా కార్డులు ఇప్పటిదాకా ఫార్మాట్ చెయ్యకపోతే అలాగే ఉంచు. రా ఫైళ్లు రెండు డిస్కుల్లో కనిపించేదాకా కార్డు ముట్టుకోవద్దు.

ఈ రాత్రికి నువ్వు చెయ్యాల్సింది ఒక్క కాపీ మాత్రమే. అయ్యాక మూడు విషయాలు రాయి: లైట్‌రూమ్ వర్షన్ ఎంత, రా ఫైళ్ల పక్కన ఎక్స్‌ఎంపీలు ఉన్నాయా, వాల్ ఫైల్ సైజు ఎంత చూపిస్తోంది. ఆ సైజు సున్నా అయితే నేరుగా బ్యాకప్‌ల దగ్గరికి వెళ్దాం. కొన్ని ఎంబీలు ఉంటే మాత్రం మొన్న రాత్రి పని ఇంకా అందులోనే ఉండొచ్చు, రేపు పొద్దున ఫోన్ దగ్గర పెట్టుకుని ఇద్దరం కలిసి తెరుద్దాం.